కత్తెరక్క మందార కంచె

ఆకుల డాక్టరమ్మ ఉద్యోగం ఊరి నర్సరీలో. పొద్దున్న ఏడింటికి గేటు తీస్తుంది, మొక్కలకి నీళ్లు పెట్టిస్తుంది, తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చుంటుంది. అప్పటికే జనం చేతుల్లో ఆకులు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. కొందరు ఆకుని రుమాల్లో చుట్టి తెస్తారు, కొందరు డబ్బాలో పెట్టి తెస్తారు. ఒకాయనైతే ఆకు కోస్తే మొక్కకి నొప్పి పుడుతుందని బొమ్మ గీసి తెచ్చాడు. ఎవరొచ్చినా ఆవిడ చెప్పే మొదటి మాట ఒకటే.

"మీరు తెచ్చింది దెబ్బలు తిన్న ఆకు. కొట్టినవాడు దీని పైకొమ్మ మీద ఉంటాడు. ముందు వాణ్ణి పట్టుకురండి."

ఆ రోజు వరసలో అందరికన్నా వెనక కత్తెరక్క నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, అయినా వెన్ను వంగలేదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది. ఒకప్పుడు ఊళ్లో సగంమంది ఒంటిమీది బట్టలు ఆవిడ కత్తిరించినవే. ఆవిడ కత్తిరిస్తే చెల్లెలు కుట్టేది. అలా ఒకరికి కత్తెరక్క అనీ ఇంకొకరికి సూదక్క అనీ పేర్లు స్థిరపడ్డాయి. అసలు పేర్లు పాత రిజిస్టర్లలో తప్ప ఇంకెక్కడా లేవు.

కత్తెరక్క కాగితంలో మడిచి తెచ్చిన మందారాకు బల్ల మీద పెట్టింది. కాగితం విప్పబోతే ఆకుకి అంటుకుని చిరిగింది.

"జిడ్డు" అంది. "ముట్టుకుంటే వేళ్లు వదలట్లేదు. కంచె కింద గచ్చు కూడా అంతే. నిన్న నేను ఇంట్లోకి వచ్చేశాను, నా చెప్పు మాత్రం అక్కడే ఉండిపోయింది."

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"జిడ్డు ఎప్పట్నుంచో ఉంది, దాన్ని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ఆకులు నల్లబడి రాలిపోతున్నాయి. నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు, కంచె ఇంకో నలభై రోజులు బతకాలి."

"నలభై రోజులేనా? ఆ తర్వాత?"

"ఆ తర్వాత సంగతి నీకెందుకు? మందివ్వు."

చూడకుండా మందివ్వడం డాక్టరమ్మకి అలవాటు లేదు. రేపు పొద్దున్నే వస్తానంది.

కత్తెరక్క ఇల్లెక్కడ అని అడిగితే ఊళ్లో ఎవరూ సూటిగా చెప్పరు. "పోయినేడు కరెంటు స్తంభానికి ఇవతల ఉండేది, ఈపాటికి అవతలికి చేరి ఉంటుంది" అంటారు. ఆ ఇంటిని చీమలు మోస్తున్నాయి. పదకొండేళ్లుగా మోస్తున్నాయి. రోజుకి బియ్యపు గింజంత దూరం, కత్తెరక్క టేపు లెక్కలో పావంగుళం. నీళ్ల పైపుల మేస్త్రి నెలకోసారి వచ్చి ఓ ముక్క గొట్టం కలిపిపోతాడు. లైన్‌మాన్ వచ్చి తీగ వదులు చేసిపోతాడు. పన్నుల గుమాస్తా ఊళ్లో అందరి ఇళ్ల హద్దులూ సిరాతో రాస్తాడు, ఈవిడవి మాత్రం పెన్సిలుతో రాసుకుంటాడు. ఇంటి ముందున్న మందార కంచె కూడా తన మట్టితో సహా ఇంటికి ముందుగా నడుస్తూ ఉంటుంది. చీమల పాడి పశువులు ఉండేది ఆ కంచె మీదే, వాటిని వదిలేసి ఎవరు మాత్రం వలసపోతారు?

ఇల్లు ఎటు పోతోందో అందరికీ తెలుసు. మొదట్లో మధ్యలో ఎనభై నాలుగడుగుల ఖాళీ స్థలం ఉండేది, దాని అవతల సూదక్క ఇల్లు. కాని కత్తెరక్క ఎదుట ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

గొడవ కూడా ఊరందరికీ తెలిసిందే. అక్కాచెల్లెళ్లు కలిసి కొట్టు నడిపే రోజుల్లో స్టేషన్ మాస్టరు ఒక కోటు కుట్టించుకున్నాడు. పదవీ విరమణ రోజున వేసుకోవాలని ముచ్చటపడ్డాడు. కోటు తీసుకోవడానికి వచ్చి నిలబడేసరికి రెండో చెయ్యి ఇంకా అతకలేదు. సూదక్క అటు తిప్పుతోంది, ఇటు తిప్పుతోంది, చెయ్యి కుదురుగా కూర్చోవడం లేదు. కత్తెరక్క అందరూ వింటూ ఉండగా "చేతకాని చేతులే నీవి!" అనేసింది. సూదక్క ఒక్క మాట తిరిగి అనలేదు. సూది గుడ్డలో దిగి ఉండగానే మిషన్ దగ్గర్నుంచి లేచింది, చెప్పులేసుకుని ఖాళీ స్థలం దాటి తనింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. మాటకి మాట తెగులు, నీటికి నాచు తెగులు అంటారు. ఇక్కడ ఎదురు మాట కూడా లేకుండానే తెగులు పట్టింది.

డాక్టరమ్మ సంచీ తీసుకుని వెళ్లేసరికి కత్తెరక్క టేపు చేత్తో పట్టుకుని కంచె పక్కనే నిలబడి ఉంది.

కంచె చూడ్డానికి ముచ్చటగా ఉంది. పైభాగం బల్లలా సమంగా కత్తిరించి ఉంది, కోటు అంచుకి కూడా అంత తిన్నగా కత్తెర పడదు. కాని కింది ఆకులు పొయ్యి మీద మాడినట్టు నల్లగా ఉన్నాయి. డాక్టరమ్మ ఒక ఆకు మీద బొటనవేలితో రుద్దింది. నలుపు ఊడి వేలికి వచ్చింది, అడుగున ఆకు పచ్చగా ఉంది.

"ఇది ఆకు జబ్బు కాదక్కా, మసి. జిడ్డు మీద బూజు పట్టింది. జిడ్డు ఆపితే ఇదీ ఆగుతుంది."

"జిడ్డు ఎక్కడ్నుంచి వస్తోంది?"

"పైనుంచి కారుతోంది."

ఆవిడ ఒక తెల్లకాగితం కొమ్మ కింద పట్టి, కొమ్మని రెండుసార్లు తట్టింది. కాగితం మీద ఆకుపచ్చటి నలుసులు రాలాయి. కాసేపటికి ఆ నలుసులు నడిచాయి. భూతద్దం కత్తెరక్క చేతికిచ్చి, ఒక లేత చిగురు వెనక్కి తిప్పి చూపించింది. ఆకు అడుగున పేనుబంక పురుగులు గింజ సందు లేకుండా కూర్చుని రసం పీలుస్తున్నాయి. వాటి మధ్య నల్లచీమలు తిరుగుతూ మీసాలతో ఒక్కొక్కదాన్నీ నిమురుతున్నాయి. నిమిరిన చోటల్లా ఒక తియ్యటి బొట్టు బయటికొస్తోంది. చీమలు తాగినంత తాగుతున్నాయి, మిగిలింది కింది ఆకుల మీద పడుతోంది.

"చీమలకి ఇవే పాడి పశువులు, ఆ తిండే వాటి బలం" అంది డాక్టరమ్మ. "వట్టి కడుపుతో ఇల్లు మొయ్యమంటే ఎవరు మోస్తారు?"

కత్తెరక్క భూతద్దం తిరిగిచ్చేసింది. ఆవిడకిది కొత్త సంగతిలా కనబడలేదు.

డాక్టరమ్మకి అనుమానమొచ్చింది. పేనుబంక మందారానికి రావడం మామూలే. కాని ఇంత మంద పెరగాలంటే ఏడాది పొడుగునా లేత చిగుళ్లుండాలి. కంచెని వారం వారం కత్తిరిస్తూ ఉంటే కొత్త చిగుళ్లు వస్తూనే ఉంటాయి, అది ఒక కారణం. ఆవిడ వంగి మొదళ్ల దగ్గర మట్టి గోకింది. తెల్లటి ఎరువు గుళికలు చేతి నిండా వచ్చాయి. ముదురాకుల అంచులు ఎండుకుపోయి ఎందుకున్నాయో అప్పుడర్థమైంది.

"ఎరువు ఎవరు వేస్తున్నారు?"

కత్తెరక్క టేపు చుట్టడం మొదలుపెట్టింది.

"చారెడు వెయ్యాల్సిన చోట చేటెడు వేశారు. మొక్క వేళ్లు మాడుతున్నాయి. మీరే కదూ?"

"నేనే. అయితే ఏంటి? నా కంచె, నా ఎరువు."

"ఎందుకక్కా?"

కత్తెరక్క కంచె వైపు తిరిగి, ఎండిన ఆకులు రెండు తుంచి పారేసి, అప్పుడు చెప్పింది. ఎవరైనా అడుగుతారేమోనని పదకొండేళ్లుగా ఎదురు చూసినట్టు గబగబా చెప్పేసింది. సూదక్క ఊరు వదిలి వెళ్లిపోతోంది. కూతురికి వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చింది, అక్కడే ఉండిపొమ్మంటోంది. నలభై రోజుల్లో ప్రయాణం. ఈ కంచెకీ సూదక్క వంటింటి గోడకీ మధ్య ఇంకా ముప్ఫై నాలుగంగుళాలుంది. ఆ వంటింటి కిటికీ రెక్క వెడల్పు పదహారంగుళాలు, బయటికి తెరుచుకుంటుంది. అంటే ఇంకో పద్దెనిమిదంగుళాలు జరిగితే చాలు.

"రోజుకి పావంగుళం చొప్పున నలభై రోజులకి పది" అంది కత్తెరక్క. "చాలదు. అందుకని చీమలకి ఇంకాస్త తిండి పెడదామనుకున్నాను."

"పద్దెనిమిదంగుళాలు జరిగితే ఏమవుతుంది?"

"కంచె దాని కిటికీకి అడ్డమొస్తుంది. కిటికీ రెక్క తెరుచుకోదు. వంటింట్లో వెలుతురు రాకపోతే అది ఊరుకునే మనిషి కాదు. బయటికొచ్చి నన్ను తిడుతుంది."

"తిడితే?"

"తిడుతుంది కదా!" అంది కత్తెరక్క. "పదకొండేళ్లయింది డాక్టరమ్మా అది నన్ను ఒక్క మాటని."

సూది కోసం సోదికెళితే పాత కథలన్నీ బయటపడ్డట్టయింది. డాక్టరమ్మ కంచె పక్కనున్న అరుగు మీద కూర్చుంది.

"నడిచి వెళితే ఎన్ని అడుగులుంటుందక్కా మీ చెల్లెలిల్లు?"

"పక్క సందులోంచి వెళితే ముప్ఫై. నేను వెళ్లను. నేను వెళితే నేను వెళ్లినట్టు. ఇల్లు వెళితే..."

"ఇల్లు వెళ్లినట్టు."

"అదీ!"

డాక్టరమ్మకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. కాని కంచె పరిస్థితి నవ్వులాటగా లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఇలాగే ఎరువేస్తూ పోతే కంచె పదిహేను రోజుల్లో చస్తుంది. కంచె చస్తే పేనుబంక చస్తుంది, తిండి లేక చీమలు పోతాయి, ఇల్లు ఆగుతుంది. అలా కాక వైద్యం చెయ్యాలంటే ముందు చీమల్ని ఆపాలి. అవి కాపలా ఉన్నంత కాలం పేనుబంకని తినే అక్షింతల పురుగుని దగ్గరికి రానివ్వవు. చీమల్ని ఆపినా ఇల్లు ఆగుతుంది.

"ఎటు చూసినా ఆగేదే. కంచె చచ్చి ఆగాలా, బతికి ఆగాలా, అదొక్కటే మీ చేతిలో ఉంది."

"వెళ్లిరా" అంది కత్తెరక్క. "నీ సంచీ నీ భూతద్దమూ పట్టుకుని వెళ్లు. మందివ్వమంటే తీర్పు చెబుతావేంటి?"

డాక్టరమ్మ సంచీ సర్దుకుంది. మొండి మొక్కల్ని చాలా చూసింది. వాటికి చెప్పి లాభం ఉండదు, వాటంతట అవి దారికి రావాలి.

ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు పొద్దున్న నర్సరీ గేటు తీసేసరికి కత్తెరక్క అందరికన్నా ముందు నిలబడి ఉంది. ఈసారి చేతిలో ఆకు లేదు.

"నిన్న కొలిచాను, ముప్ఫై మూడు. ఈ రోజు కొలిచాను, ముప్ఫై మూడే" అంది. "చిగుళ్లన్నీ వాడిపోయాయి. చీమలు మెట్ల మీద ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాయి. పాపం వాటిని పస్తులుంచాను." ఆగి, "మొక్కలన్నా బతికించు" అంది.

ఆ రోజే వైద్యం మొదలైంది. డాక్టరమ్మ మొదట ఎరువు మట్టి తోడించి, మొదళ్లలో బిందెలకి బిందెలు నీళ్లు పోయించింది, మిగిలిన ఎరువు కిందికి దిగిపోవడానికి. తర్వాత ప్రతి మొదలుకీ గుడ్డ పీలిక చుట్టి దాని మీద గ్రీజు పూసింది. చీమలు గ్రీజు దాకా ఎక్కి, ఆగి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని దిగిపోయాయి. గోడకి ఆనుకున్న కొమ్మల్ని కోసేసింది, అటునుంచి దొడ్డిదారిన ఎక్కకుండా. కత్తెరక్క అలవాటుకొద్దీ కంచె పైభాగం సమం చెయ్యబోతే చేతిలోంచి కత్తెర లాక్కుంది.

"రెండు నెలలు దీన్ని ముట్టుకోకూడదు. వంకర టింకరగా పెరగనివ్వండి."

"చూడలేను."

"కళ్లు మూసుకోండి."

మూడో రోజు మధ్యాహ్నం చీమలు వెళ్లిపోయాయి. గుడ్లు నోట కరుచుకుని, ఇంటి అడుగు నుంచి బారులు కట్టి, వీధి అంచు వెంట సాగిపోయాయి. చివరి చీమ బయటికి రాగానే ఇల్లు కొంచెం కిందికి దిగింది. గూట్లో గ్లాసులు గలగలమన్నాయి, గడియారం ఒకసారి ఆగి మళ్లీ కొట్టుకుంది. అంతే. కత్తెరక్క గుమ్మంలో కూర్చుంది. పదకొండేళ్లుగా అరికాళ్ల కింద ఉన్న సన్నటి కదలిక పోయింది. చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం, కాని చిటుక్కుమనడానికి చీమే లేదు. టేపు తీసి కొలవబోయి, ఎందుకులే అని మెళ్లో వేసేసుకుంది.

ఇక ఆకులు కడగడం మిగిలింది. ఇటువైపు ఆకులు చేతికందుతాయి. అటువైపువి కంచెకీ సూదక్క గోడకీ మధ్య ఇరుకులోంచే అందుతాయి. ఆ నేల సూదక్కది. డాక్టరమ్మ పక్క సందులోంచి వెళ్లి తలుపు తట్టింది.

సూదక్క ఇల్లంతా అట్టపెట్టెలు. అక్క కన్నా నాలుగేళ్లు చిన్నది, అక్క కన్నా కాస్త లావు, మాట నెమ్మది. వంటసామాను కాగితాల్లో చుడుతోంది. సంగతి చెబుతూ డాక్టరమ్మ వంటింటి కిటికీ వైపు చూసింది. కిటికీ బయట గట్టు మీద ఒక సాసరు ఉంది. సాసర్లో పంచదార. గట్టు మీద, గోడ మీద, గోడ దిగి కంచె దాకా, ఏళ్ల తరబడి చీమలు నడిచి నడిచి సున్నం అరిగిన సన్నటి గీత కనబడుతోంది.

"ఈ పంచదార ఎవరికి?"

"చీమలకి" అంది సూదక్క, గిన్నె చుడుతూనే. "ఆకలేస్తుంది కదా. మూడు రోజులైంది, ఒక్కటీ రావట్లేదు."

డాక్టరమ్మ సాసరు వైపూ గీత వైపూ చూసింది. ఇల్లు మోసే బలం చీమలకి ఎక్కడ్నుంచి వచ్చిందో ఆవిడ కనిపెట్టింది. కాని నాలుగు దిక్కులుండగా పదకొండేళ్లూ ఈ ఒక్క దిక్కుకే ఎందుకు నడిచాయో అడగాలని ఊళ్లో ఎవరికీ, తనకి కూడా, తోచలేదు. సిగ్గేసింది. ఈ కబురు అటు వెళ్లి చెబుదామని నోటి దాకా వచ్చింది. కాని మొక్కల కబుర్లు తప్ప మనుషుల కబుర్లు మొయ్యకూడదని ఆవిడ పెట్టుకున్న నియమం ఒకటుంది. మోసిన ప్రతిసారీ దారిలో కొంత ఒలికిపోతుందని ఆవిడకి అనుభవం.

"ఇటువైపు ఆకులు మీరు తుడవాలక్కా" అంది. "వారానికోసారి, ఆరు వారాలు. ప్రతి ఆకూ అడుగుభాగం."

"నా ప్రయాణం ఇంకో నాలుగు వారాలే."

"అయితే నాలుగు వారాలే తుడవండి. ఒక్కటి మాత్రం. ఒక పక్క కడిగితే పురుగు రెండో పక్కకి కాపురం మార్చేస్తుంది. రెండు పక్కలా ఒకే పూట పడాలి. ఆదివారం ఎనిమిదింటికి."

సూదక్క చుడుతున్న గిన్నె కింద పెట్టింది. "అటుపక్క ఎవరు తుడుస్తారు?"

"అటుపక్క ఇంటివాళ్లు" అని, ఇంకేమీ అడగనివ్వకుండా డాక్టరమ్మ వచ్చేసింది.

ఆదివారం ఎనిమిదింటికి రెండు బకెట్లలో సబ్బు నీళ్లు సిద్ధం చేసింది. సబ్బు సరిపోయిందో లేదో చూసే వంకతో కంచె చివర నిలబడింది. ఇటుపక్క కత్తెరక్క మొదటి ఆకు పట్టుకుంది. అటుపక్క తడిగుడ్డ పిండిన చప్పుడయింది. అటు ఎవరున్నారో కత్తెరక్క అడగలేదు, డాక్టరమ్మ చెప్పలేదు. కాని గుడ్డ పిండే చప్పుడు బట్టి మనిషిని పోల్చుకోవచ్చు. ముప్ఫై ఏళ్లు ఒకే గదిలో పనిచేసినవాళ్లకి అది పెద్ద విద్య కాదు. కత్తెరక్క చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ సాగింది.

అరగంట గడిచేసరికి ఇద్దరూ సగం కంచె తుడిచారు. మసి కారి నేల మీద నల్లటి కాలవలు కట్టింది. ఒక పొడుగాటి కొమ్మ అటూ ఇటూ ఊగుతూ లొంగలేదు.

"కొమ్మ పట్టుకో" అంది కత్తెరక్క. కొట్లో "గుడ్డ పట్టుకో" అన్నట్టే అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది.

అవతలి చెయ్యి కొమ్మని పట్టుకుంది. కత్తెరక్క ఆకులు ఒక్కొక్కటీ తిప్పి తుడిచింది. మసి పోయి కొమ్మల మధ్య వెలుతురు పడింది, పళ్లెమంత సందు ఏర్పడింది. ఆ సందులోంచి కిటికీ గట్టు కనబడింది. గట్టు మీద సాసరు. గోడ మీద గీత. అది కొలవకుండానే ఎంత పాతదో చెప్పగల కళ్లు కత్తెరక్కవి.

"ఆ పంచదారేంటి?"

"చీమలకి."

"ఎప్పట్నుంచి పెడుతున్నావు?"

సూదక్క గుడ్డ బకెట్లో ముంచి, పిండి, అప్పుడంది. "నీ ఇల్లు కదలడం మొదలుపెట్టిందే, దాని ముందు రోజు నుంచి."

కత్తెరక్క చేతిలో గుడ్డ జారిపోయింది. డాక్టరమ్మ బకెట్లో సబ్బు నురగ వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఆ కోటు" అంది కత్తెరక్క చివరికి. "స్టేషన్ మాస్టరు కోటు. దాని చేతులు రెండూ ఎడమవే. గుడ్డ తిరగేసి పరవడం మర్చిపోయి, రెండూ ఒకే పక్కకి కత్తిరించేశాను. నువ్వు లేచి వెళ్లిపోయిన పది నిమిషాలకి బల్ల మీద పెట్టి చూసుకున్నాను. ఆ రోజు నుంచీ నాకు తెలుసు. తప్పు నాది, మాట నీకు పడింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నీ మీద పడ్డాను. నీ చేతులకేం వంక లేదే. నీ చేతుల్లాంటి చేతులు నేను చూడలేదు."

"నాకూ తెలుసు" అంది సూదక్క.

"ఏం తెలుసు?"

"రెండూ ఎడమవేనని. కుట్టేదాన్ని, చంక దగ్గర గుడ్డ పట్టుకోగానే తెలీదూ?"

"మరి అప్పుడే నోరు తెరిచి చెప్పలేకపోయావా!"

"స్టేషన్ మాస్టరు అక్కడే ఉన్నాడు కదా" అంది సూదక్క. "పరాయి మనిషి ముందు నీ పరువెందుకు తియ్యడమని."

కత్తెరక్క బకెట్ పక్కన నేల మీదే కూలబడి ఏడ్చింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తడిమట్టి చీరంతా అయింది, టేపు మసినీళ్లలో పడింది.

అప్పుడు మొదలుపెట్టింది సూదక్క. "ఏడుస్తూ కూర్చుంటే ఆకులెవరు తుడుస్తారు? నాలుగడుగులు వెయ్యడానికి కాళ్లు రాలేదు గాని చీమల చేత ఇల్లు మోయిస్తుందట! బుద్ధుందా? చేటెడు ఎరువేస్తారా ఎవరన్నా? మొక్కల్ని చంపుకుని, వేళ్లు మాడ్చుకుని... ఎప్పుడూ అంతే నువ్వు, నీకు తోచిందే వేదం. ఇంకా ఏడుస్తావేంటి? లే ముందు. మొహం కడుక్కో." నెమ్మది మాటల మనిషి గొంతు వీధి చివరిదాకా వినిపించింది. పదకొండేళ్ల బాకీ తిట్లు వరసగా ఒక్కటీ వదలకుండా తిట్టింది. కత్తెరక్క కళ్లు తుడుచుకుంటూ, సందులోంచి ఆ మొహం చూస్తూ, ప్రతి తిట్టుకీ తలూపుతూ వింది. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవడానికి సూదక్క ఆగితే, "ఊఁ, తర్వాత?" అంది.

డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయింది. వైద్యం పట్టింది.

నాలుగో వారం సూదక్క కూతురికి ఫోన్ చేసి, కంచెకి మందు నడుస్తోంది, మధ్యలో వదిలి రాకూడదట, ఇంకో రెండు వారాలు పడుతుందని చెప్పింది. రెండు వారాలయ్యాక మళ్లీ చేసింది. ఈసారి, నువ్వే సెలవు పెట్టి వచ్చి చూసిపో, ఇక్కడ పనుందని చెప్పింది. అట్టపెట్టెల్లో సామాను తిరిగి అరల్లోకి ఎక్కింది. ఖాళీ పెట్టెలు మడిచి కత్తెరక్క ముందుగదిలో పేర్చి, పైన బల్లచెక్క పరిచారు. దాని మీద ఇప్పుడు గుడ్డ కత్తిరిస్తున్నారు. గుమ్మం మీద కొట్టు పేరు రాసిన పలక లేదు, దాని బదులు రెండు ఎడమచేతుల కోటు ఒకటి వేలాడుతూ ఉంటుంది. రెండో చెయ్యి సూదక్క కుట్టడం పూర్తిచేసింది, ఎంత బాగా కుట్టిందో అంత తప్పుగా కనబడుతుంది. స్టేషన్ మాస్టరు వచ్చి చూసి, ముసిముసిగా నవ్వి, తనకి ఇంకో కోటుకి కొలతలిచ్చి వెళ్లాడు.

చీమలు పోస్టాఫీసు కిందికి చేరాయట. మెట్టుకీ పక్క గోడకీ మధ్య పావంగుళం ఖాళీ వచ్చిందని పోస్టుమాన్ అన్నాడు. గుమాస్తా పెన్సిలు చెక్కి సిద్ధంగా ఉంచుకున్నాడు.

డాక్టరమ్మ రెండు నెలలకి చివరిసారి చూడ్డానికి వెళ్లింది. ఆకులు నున్నగా మెరుస్తున్నాయి, చేత్తో రుద్దితే చెయ్యి శుభ్రంగా ఉంది. చిగుళ్ల మీద అక్షింతల పురుగులు తిరుగుతున్నాయి. కంచె పైభాగం ఎగుడుదిగుడుగా పెరిగింది, దాన్ని చూసి కత్తెరక్క పళ్లు బిగించి ఊరుకుంటోంది. కంచె నడిమధ్యలో రెండు మొక్కలు అటొకటి ఇటొకటి ఒరిగి, వాటి మధ్య మట్టి గట్టిపడి, దారి పడింది. ఎవరూ నరకలేదు, నడిచి నడిచి పడింది. ఆవిడ చూస్తుండగానే సూదక్క ఒక చేత్తో సూదులపెట్టె పట్టుకుని, అందులోంచి పక్కకి తిరిగి ఇటొచ్చి, "ఏమే అక్కా, గుడ్డ తిరగేసే పరిచావా?" అంటూ లోపలికి పోయింది.

డాక్టరమ్మ అరుగు మీద కూర్చుని నోటుబుక్కు తీసి రాసుకుంది. జిడ్డు లేదు. మసి లేదు. చీమలు లేవు. కంచె మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు ఉంది, పూడ్చకూడదు.